నిండు పీపా

తాళం ముక్కలు రెండూ భోజనాల బల్ల మీద, రొట్టెల పళ్లెం పక్కనే ఉన్నాయి. పెట్టింది ఆయనే. తీసేవాళ్లు లేరు.

కొడుకు వాటివంక చూడకుండా కాఫీ తాగుతున్నాడు. కోడలు వాటికి గుడ్డ తగలకుండా చుట్టూ తుడుస్తోంది.

"కోసిందెవరు?" అన్నాడు ఆయన.

"నేనని నిన్న సాయంత్రమే చెప్పాను."

"మళ్లీ చెప్పు. పొద్దున్నే వినాలనుంది."

"నేనే. ఇనుము కోసే రంపంతో. తాళం కోశాను కానీ తలుపు తియ్యలేదు. నువ్వుండగానే తియ్యాలని ఆగాను."

"దొంగల్లో కూడా మర్యాదస్తులుంటారన్నమాట."

కొడుకు కప్పు దించాడు. "సొంత ఇంట్లో తలుపు తీస్తే దొంగతనమా నాన్నా?"

"తలుపు నీది కాదు. లోపలున్నదీ నీది కాదు."

"అవును. అమ్మది."

 ఈ ఇంట్లో ఏ మాటైనా అక్కడికొచ్చి ఆగుతుంది.

కోడలు గుడ్డ పిండటానికి వంటగదిలోకి వెళ్లింది. పిండటానికి అందులో తడి లేదు.

ఇల్లు పైన, ద్రాక్షతో వైన్ చేసే వైనరీ కింద. నేలమాళిగ పొడుగునా పీపాలు వరసలుగా ఉంటాయి. వాటి చివర కొన్ని మెట్లు దిగితే ఒక చిన్న గది. ఆ గదిలో ఒకటే పీపా. అందులో ఉన్నది ఆయన భార్య చేతి చివరి కాపు వైన్. ఆమె పోయిన నాడు ఆయన ఆ గదికి దాని పాత తాళమే వేశాడు. ఎవరినీ వెళ్లనివ్వలేదు. తనూ వెళ్లలేదు.

అంటే పీపా చచ్చినట్టే లెక్క. చెక్క ఊరికే ఉండదు, తాగుతుంది. అది తాగినంతా ఎప్పటికప్పుడు తిరిగి పోస్తూ ఉండాలి. పోయకపోతే పైన ఖాళీ పడుతుంది. ఖాళీలోకి గాలి చేరుతుంది. గాలి తగిలిన వైన్ వెనిగర్ అవుతుంది. ఈ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా ఆ సంగతి తెలుసు.

"మధ్యాహ్నం వైన్ కొనే ఆ ముక్కాయన వస్తాడు," అన్నాడు ఆయన. "ఏం పోస్తావు? వెనిగరా?"

"అడిగింది ఆయనే. వేరే ఏదీ అడగలేదు, ఆ పీపానే అడిగాడు. అమ్మ ఉన్నప్పుడు ఒకసారి రుచి చూశాడట. ఆ రుచి ఇంకా నాలిక మీదే ఉందని ఫోన్‌లో అన్నాడు."

ఆయన రొట్టె తుంచబోయి మానేశాడు. "వాడికెప్పుడు పోసింది?"

"నువ్వు తోటలో ఉన్నప్పుడేమో. ఇంట్లో ఉంటే మాత్రం ఏం చేసేవాడివి? నువ్వు ముట్టనన్నావుగా."

ముట్టననే అన్నాడు. పనివాళ్లందరి ముందూ అన్నాడు.

"ఆయన మెచ్చితే మనం నిలబడతాం," అన్నాడు కొడుకు. "మనలాంటి చిన్న ఇళ్లు తిరిగి, నచ్చినవాటిని పెద్ద బజారుకి ఎక్కించేది ఆయనొక్కడే. ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చాడు? ఎన్నిసార్లు చప్పరించి ఊరుకున్నాడు? ఈసారీ ఊరుకుంటే రేపు పళ్లు కొనే కంపెనీవాళ్లని రమ్మన్నాను."

"పళ్లేగా అడుగుతున్నారు. ఇచ్చెయ్."

"పళ్లు లారీ ఎక్కితే ఇంకేముంది నాన్నా? మన పేరుతో ఒక్క సీసా ఉండదు. కింద పీపాలు సగానికి కోసి పూలమొక్కలు పెట్టుకోవడమే."

"ఆ సలహా కూడా నీ భార్యనడుగు. పొద్దస్తమానం ఫోన్‌లో ధరలు చూస్తుంటుందిగా. ఏ ఊరి సీసా పెరిగింది, ఏ ఊరి సీసా పడింది."

కోడలు వంటగది గుమ్మంలోకి వచ్చింది. ఆమెది వైన్ దుకాణం నడిపిన కుటుంబం. సీసా మీద కాగితం చదివేవాళ్ల పిల్ల అని ఆయన మొదటి రోజే అన్నాడు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

"ధరలు చూడటం తప్పు కాదు మామయ్యా," అంది. "వాటిల్లో మన సీసా కనపడకపోవడమే తప్పు."

ఆయన లేచాడు. కుర్చీ గట్టిగా జరిపాడు. అంతే సమాధానం.

"నాన్నా, ఇంకో సంగతి." కొడుకు గొంతు తగ్గించాడు. "ఆయన పద్ధతి తెలుసుగా. నువ్వు తాగాలి."

"తాగను."

"నాలిక తడిపితే చాలు."

"చెవుడా నీకు?"

ముక్కాయనకి కాగితాలతో పని లేదు. తను కొనాలనుకున్న పీపా దగ్గర నిలబడి ఇంటి యజమాని ముందుగా తాగాలి. తాగిన నోటితోనే అది ఏ ఏటి కాపో చెప్పాలి. ఆ మాట మీదే బేరం. కాగితం మీద ఎవడైనా అబద్ధం రాస్తాడు, తాగిన నోటితో చెప్పడం కష్టం అంటాడు. ఆ మాట తప్పినవాళ్ల గడప మళ్లీ తొక్కడు.

ఆయన తోటలోకి వెళ్లిపోయాడు. తీగలకి పని లేని రోజులవి. అయినా ఒక్కో వరసా చూసుకుంటూ నడిచాడు. చూడటానికి ఏమీ లేదు. ఇంట్లో ఉండలేనివాడికి తోట ఉంటుంది, అంతే.

*

ముక్కాయన ముక్కు చిన్నది. ఆ పేరు దాని పనిని బట్టి వచ్చింది. సన్నటి మనిషి, పాత కోటు. కారు దిగుతూనే చేతులు జోడించాడు.

"బావగారూ, బాగున్నారా?"

"నేను నీకు బావనెప్పుడయ్యాను?"

"అక్కయ్య నన్ను తమ్ముడన్న రోజునే."

"ఆవిడ దారినపోయే ప్రతివాణ్ణీ తమ్ముడనేది."

"అనేది. కానీ నాకు అన్నం కూడా పెట్టింది. మీరు మంచినీళ్లు కూడా ఇచ్చేటట్టు లేరు."

కొడుకు నవ్వాడు. కొంచెం ఎక్కువే నవ్వాడు. కోడలు నీళ్లు తెచ్చింది.

ముందు పెద్ద నేలమాళిగలోకే వెళ్లారు. అక్కడున్నవన్నీ ఆయన చేసినవి. తడి చెక్క వాసన, పీపాలు శుభ్రం చెయ్యడానికి కాల్చిన గంధకం వాసన. ముక్కాయన ఒక్కో పీపా నుంచి గాజు గొట్టంతో కొంచెం లాగి, గ్లాసులో తిప్పి, వాసన చూసి, నోట్లో ఆడించి బకెట్లో ఉమ్మాడు. ప్రతిసారీ ఆ ఉమ్మిన చప్పుడుకి కొడుకు తల ఎత్తుతున్నాడు.

"బరువు," అన్నాడు చివరికి.

"బరువుంటే తప్పా?" అన్నాడు ఆయన.

"ఒకప్పుడు తప్పు కాదు. ఒకప్పుడు ఇదే కావాలన్నారు. నల్లగా, చిక్కగా, స్పూను నిలబడేలా ఉండాలన్నారు. ఇప్పుడు పెద్ద పెద్ద ఇళ్ల సీసాలు గిడ్డంగుల్లో దుమ్ము కొట్టుకుంటున్నాయి బావగారూ. కొన్నవాళ్లు తాగడానికి కొనలేదు. పెరిగాక అమ్ముదామని కొన్నారు. పెరగలేదు. ఇప్పుడు అమ్ముదామంటే కొనేవాడు లేడు. తాగుదామంటే చెయ్యి రాదు."

"మంచి శాస్తి."

"శాస్తే. కానీ అందులో మీరూ ఉన్నారు. ఇప్పుడందరూ పేరు తెలియని ఊళ్ల వైపు చూస్తున్నారు. చిన్న ఇళ్లు కావాలి. తేలిగ్గా, పుల్లగా, నోరు కడిగినట్టుండాలి. పళ్లు మరీ మగ్గకముందే కోసినవి అడుగుతున్నారు."

కొడుకు తండ్రివంక చూసి చూపు తిప్పుకున్నాడు.

మగ్గకముందే కోయడం. ఆ ఏడాది గొడవ అదే. ఆయన పీపాల చెక్క కోసం ఊరు వెళ్లి తిరిగొచ్చేసరికి పై చెలక మొత్తం బోడిగా ఉంది. ఆమె కోయించేసింది. పళ్లు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఆయన ఒక గుత్తి తీసి కొరికి, పనివాళ్ల ముందే ఉమ్మేశాడు. ఇది పశువులు కూడా తినవు, దీంతో చేసిన చుక్క నా నోట్లోకి పోదు అన్నాడు. ఆమె ఎదురు చెప్పలేదు. సరే అంది. అదే ఆఖరి మాట. ఆయన చేసే పని ఆయన చేశాడు, ఆమె చేసే పని ఆమె చేసింది. ఒకే కప్పు కింద రెండు వైన్‌లు పులిశాయి. చలికాలంలో ఆమె మంచం పట్టింది. ఆయన మందులు తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. వేళకి పెట్టేవాడు. నోరు విప్పేవాడు కాదు. ఆమె ముందు మాట్లాడుతుందని చూశాడు. ఆమె చూడలేదు, పోయింది.

"ఇక అక్కయ్య పీపా," అన్నాడు ముక్కాయన.

*

చిన్న గది తలుపు కొడుకే తోశాడు. చెక్క ఉబ్బి బిగుసుకుపోయి ఉండాలి. సులువుగానే తెరుచుకుంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

లోపల వెనిగర్ వాసన లేదు. అది మాత్రం ముక్కాయన పట్టించుకున్నాడు. గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. తరవాత పీపా దగ్గరికెళ్లి పై చెక్క మీద వేలి కణుపుతో తట్టాడు.

ఖాళీ పడిన పీపా డోలులా పలుకుతుంది. ఇది పలకలేదు. దుంగని తట్టినట్టుంది.

"నిండుగా ఉంది," అన్నాడు.

"ఉండదు," అన్నాడు ఆయన.

"మీరే చూడండి."

ఆయన వచ్చి తట్టాడు. ఈ చివర తట్టాడు, ఆ చివర తట్టాడు. ఎక్కడ తట్టినా అదే చప్పుడు. నోటి బిరడా పీకి వేలు పెట్టాడు. వేలు తడిసింది. ఆ వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు. నోటి దగ్గరికి తేలేదు.

"ఎవరు?"

కొడుకు నిజంగానే తెల్లబోయి ఉన్నాడు. "నాకు తెలీదు నాన్నా. తాళం నిన్ననేగా కోశాను."

కోడలు కొంగు ముడి విప్పింది. ఒక తాళంచెవి తీసి పీపా మీద పెట్టింది.



"నీ దగ్గరుందా?" అన్నాడు కొడుకు. "నేను రంపం పట్టుకుని చేతులు బొబ్బలెక్కించుకుంటుంటే, నీ కొంగులో చెవి ఉందా?"

"మీరు రంపం తెస్తారనుకోలేదు."

"చెప్పొచ్చుగా."

"ఎవరికీ చెప్పనని అత్తయ్యకి మాటిచ్చాను. ఆ ఎవరిలో మీరూ ఉన్నారు."

"మంచి కాపురం," అన్నాడు ఆయన. ఎవరి గురించి అన్నాడో తెలియలేదు.

ముక్కాయన ఈ మాటలేవీ విననట్టు గాజు గొట్టం పీపాలోకి దించాడు. రెండు గ్లాసుల్లో పోశాడు. రంగు లేతగా ఉంది, అంచు ఇటుక ఎరుపుకి తిరిగింది. వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. తాగలేదు. రెండో గ్లాసు ఆయన చేతికిచ్చాడు.

"ముందు మీరు."

ఆయన గ్లాసు పుచ్చుకున్నాడు.  ఇక గట్టెక్కామనుకున్నాడు కొడుకు. ఒక్క గుటక, ఒక్క మాట. కంపెనీ లారీ రాకపోవడానికి అంతే చాలు.

ఆయన గ్లాసు పైకెత్తలేదు. కోడలివైపు తిరిగాడు.

"దేంతో నింపావు?"

"నాన్నా, ఇప్పుడెందుకది?"

"ఆవిడది ఇంకో పీపా లేదు. పక్కన దాచిన సీసా కూడా లేదు. ఉన్నదంతా ఇదే. చెక్క తాగిన చోట ఏం పోశావు? నీళ్లా?"

కొడుకు భార్యవంక చూసి తల అడ్డంగా ఊపాడు. చెప్పొద్దని. ఆమె చూసింది. చూసే చెప్పింది.

"మీ వైన్ మామయ్యా. ఏ ఏడు చేసింది ఆ ఏడు. పెద్ద గదిలోంచి చెంబుతో తెచ్చి పోశాను."

"ఎన్నేళ్ల నుంచి?"

"అత్తయ్య పోయిన వారం నుంచి."

ఆయన ముక్కాయనవైపు తిరిగాడు. గెలిచినవాడిలా తిరిగాడు. "విన్నావుగా. ఇది ఏ ఏటి కాపూ కాదు. కలగాపులగం. చెప్పడానికి నా దగ్గర మాట లేదు. తాగక్కర్లేదు."

గ్లాసు పీపా మీద పెట్టేశాడు.

"నీకు మతి పోయిందా?" కొడుకు భార్య మీదికి తిరిగాడు. "ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోయావా?"

"అడిగారు. చెప్పాను."

"నువ్వడిగావు సరే నాన్నా, ఆయన ముందే అడగాలా? ఇంటి పరువు, తోట, అన్నీ పోయినా పర్లేదు. అమ్మది ఒక్కటి బాగుందని ఎవడూ అనకూడదు. అంతేగా నీ బాధ?"

"గొంతు తగ్గించు."

"ఏం చేసింది నిన్ను? నాలుగు గుత్తులు ముందు కోసింది. దానికి మనిషి పోయేదాకా మాట్లాడవా? పోయాక కూడా మాట్లాడవా?"

ఆయన కొడుకువంక చూశాడు. "ఆవిడ మాట్లాడిందా?"

కొడుకు వెనక్కి తిరిగాడు. మెట్లెక్కి వెళ్లిపోయాడు. పైన తలుపు కొట్టుకున్న చప్పుడు పీపాల మధ్య నుంచి కిందికి వచ్చింది.

అప్పుడు ముక్కాయన తన గ్లాసు తాగాడు. బకెట్ కోసం చూడలేదు. మింగాడు. 

"బావగారూ, సీసా మీద ఏడాది వెయ్యలేను. ఏడాది లేని సీసాకి మామూలుగా బజారులో దిక్కుండదు."

"తెలుసు."

"కానీ దీన్ని వదిలేసి వెళ్లలేను. అప్పట్లో నేను తాగింది మంచిదే. సూదిలా ఉండేది. గుచ్చేది. ఇప్పుడు గుచ్చడం లేదు. ఏదో వచ్చి దాని పక్కన కూచుంది." గ్లాసు ఖాళీ అయినా వాసన చూస్తూనే ఉన్నాడు. "ఏడాది లేకపోతే మనుషులుండాలి. ఎవరు చేశారో వాళ్ల పేరు మీద అమ్ముతాను. రెండు పేర్లు వేస్తాను. చేసినామెది, నింపిన వైన్ ఎవరిదో ఆయనది. పద్ధతి మాత్రం మారదు. మీరు తాగి, మీ నోటితో చెప్పాలి."

"నా పేరు దాని పక్కన వెయ్యొద్దు."

"ఎందుకని?"

"వెయ్యొద్దన్నానా లేదా?"

ముక్కాయన కోటు సర్దుకున్నాడు. "పైన కారులో కూచుంటాను. చీకటి పడకముందు ఘాట్ దిగాలి. ఎక్కువసేపు కూచోలేను."

*

గదిలో ఇద్దరే మిగిలారు. కోడలు గాజు గొట్టం కడిగి గోడకి తగిలించింది. ఆమెకి అక్కడ ఏది ఎక్కడ ఉంటుందో చూడకుండానే తెలుసు.

"నేనెక్కడుండగా వచ్చేదానివి?" అన్నాడు ఆయన.

"మీరు తోటకెళ్లినప్పుడు. మీరెప్పుడూ తోటలోనే ఉంటారుగా."

"ఎందుకు చేశావు? నీకేమొస్తుంది?"

"అత్తయ్య చెయ్యమంది."

"పోయినవాళ్లు అడుగుతారా, చూస్తారా? మానేస్తే సరిపోయేది."

 కోడలు బిరడా తీసుకుని చేతిలో తిప్పింది.

"పోస్తున్నప్పుడు అది గుటక వేసినట్టు చప్పుడు చేస్తుంది మామయ్యా. పోస్తే పలుకుతుంది. ఈ ఇంట్లో నాకు బదులు పలికింది అదొక్కటే."

ఆయన పీపాకి ఆనుకుని నిలబడ్డాడు. ఈ పిల్ల ఇంటికొచ్చి ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయి మానేశాడు.

"నీళ్లు పొయ్యలేదు, సరే. దుకాణంలో దొరికే వైన్ పొయ్యొచ్చు. మీ పుట్టింటి నుంచి తెప్పించి పొయ్యొచ్చు. నాదే ఎందుకు పోశావు?"

"అదీ అత్తయ్య చెప్పిందే."

"ఏమని?"

"మీ మామయ్య చేసిందే పొయ్, వేరే చుక్క పడనివ్వకు అంది."

"అబద్ధం."

"నాకెందుకు అబద్ధం?"

"నన్ను మెత్తబరచడానికి. పైన కారు ఆగి ఉందిగా."

"మిమ్మల్ని మెత్తబరిచే ఆశ ఈ ఇంట్లో ఎవరికీ లేదు," అంది కోడలు. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది.

ఆయన పీపా మీదున్న గ్లాసు జరిపాడు. "ఇంకేమన్నా అందా?"

"లేదు. తన దగ్గరున్న రెండో తాళంచెవి చేతిలో పెట్టింది. అంతే. ఇంకేదన్నా ఉంటే నేను దాచుకునేదాన్ని కాదు."

"మరి ఇదెందుకు దాచావు? ఇన్నేళ్లు?"

"మీరు అడగలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏదీ అడగరు మామయ్యా. తాళాలు వేసుకుంటారు, కోసుకుంటారు."

ఆమె బిరడా పీపా మీద పెట్టి మెట్లెక్కింది. సగంలో ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"కారు స్టార్ట్ చేశారు. ఏం చెప్పమంటారు?"

ఆయన పీపావైపు తిరిగాడు. ఆమె పైకి వెళ్లిపోయింది.

 ఆయనకి ఒంటరితనం కొత్త కాదు. తోటలో ఉంది, మంచం మీద ఉంది, బల్ల దగ్గర ఇద్దరి మధ్య కూచున్నప్పుడూ ఉంది. దాన్ని తనే కట్టుకున్నాననీ, గోడలు గట్టిగానే కట్టాననీ అనుకునేవాడు. తన ఇష్టం లేకుండా తన వైన్‌ని తీసుకెళ్లి తను మాట్లాడని మనిషిలో పోస్తూ వచ్చారని ఇవాళే తెలిసింది. ఆయనకి ముందు కోపమే వచ్చింది. ఆయనకి ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది.

గ్లాసు తీసుకున్నాడు.

ఒక్క గుటకలో పై చెలకదో, పల్లంలోదో, వానలు ముందొచ్చాయో, ఆలస్యమయ్యాయో చెప్పేయగల నాలిక ఆయనది. తప్పు ఎక్కడుందో పట్టడానికే తాగాడు. మొదట పులుపు తగిలింది. అది ఆమె. ఆ ఏడాది గట్టి పళ్లు, ఆయన కొరికి ఉమ్మిన పళ్లు. దాన్ని పట్టుకున్నాననుకున్నాడు. దాని వెనకే తన బరువు వచ్చింది. అదీ పట్టుకున్నాననుకున్నాడు. ఆ తరవాత రెండూ జారిపోయాయి. ఎక్కడ ఆమె అయిపోయిందో, ఎక్కడ తను మొదలయ్యాడో దొరకలేదు. ఇంకో గుటక తాగాడు. దొరకలేదు.

పెద్ద గదిలో ఉన్నవన్నీ ఆయనవే. ఒంటరిగా ఉన్నవి. వాటిల్లో ఒక్కటి కూడా ఇన్నేళ్లు నిలబడలేదు. అన్నీ మూడో ఏటికల్లా చతికిలబడ్డాయి. ఇది నిలబడింది. నిలబెట్టింది ఆ పులుపే. ఆ సంగతి ఆమెకి కోసిన రోజే తెలుసు. అందుకే వాదించలేదు. సరే అంది.

సరే అంటే ఓడిపోవడమని ఆయన ఇన్నాళ్లూ అనుకున్నాడు.

గ్లాసు ఖాళీ చేశాడు. మెట్లెక్కాడు.

వాకిట్లో కారు ఇంజను నడుస్తోంది. కొడుకు కారు తలుపు పట్టుకుని ఏదో బతిమాలుతున్నాడు. కోడలు వసారా స్తంభం దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన రావడం చూసి కొడుకు మాట ఆపేశాడు.

ముక్కాయన అద్దం దించాడు. ఆయన పెదవులవంక చూశాడు. వాటి మీద తడి ఉంది.

"తాగారు," అన్నాడు.

"తాగాను."

"ఏ ఏటిది?"

"ఏ ఏటిదీ కాదు. ముందే చెప్పాను."

"మరి రెండు పేర్లేనా?"

"రెండొద్దు. ఒకటే రాసుకో."

కొడుకు ముఖం వాడిపోయింది. తన తండ్రి సంగతి తనకి తెలుసు. చనిపోయిన మనిషి చేతిలోంచి అదొక్కటి కూడా లాక్కుంటాడు.

"ఎవరిది?" అన్నాడు ముక్కాయన.

"ఆవిడదే. నాది పైన పోసింది చెక్క తాగడానికే. చేసింది ఆవిడ."

ముక్కాయన జేబులోంచి పెన్ను తీశాడు. అరచేతి మీద రాసుకోవడం ఆయన అలవాటు. "అక్కయ్య అని రాయలేను కదా బావగారూ. నేనెప్పుడూ అక్కయ్యా అనే పిలిచాను. పేరు చెప్పండి. తాగిన నోటితో మీరే చెప్పాలి."

కొడుకుకి ఆ పేరు తెలుసు. కోడలికీ తెలుసు. ఇద్దరూ చెప్పలేదు. ముక్కాయన చెయ్యి పెట్టి ఇంజను ఆపేశాడు.

ఆయన నోరు తెరిచాడు.

పెళ్లయిన నాటి నుంచీ ఆమెను 'ఇదిగో' అనే పిలిచాడు. అంత మాత్రానికే, ఏ మూలనున్నా వచ్చేది. పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఒక్కనాడూ రాలేదు. ఆ పేరు ఎలా మొదలవుతుందో తెలుసు. నాలిక దాని కోసం కదిలింది, ఆగింది.

వాకిట్లో ముగ్గురూ ఆయన నోటివంకే చూస్తున్నారు.